తొలకరి పుట్టగొడుగులు: విషమును గుర్తించుట యెట్లు?

మృగశిర కార్తె ప్రవేశించి నాలుగు మంచి వానలు కురియగనే రుద్రంగి పరిసరములందలి గుట్టల స్వరూపమే మారిపోవును. వేసవియంతయు ఎండి బీటలు వారిన నేల మెత్తబడును. ఎండుటాకుల క్రింద చెమ్మ నిలుచును. రాత్రి ఉరుములు ఉరిమినచో, మరునాటి తెల్లవారుజామున స్త్రీలును, పిల్లలును గంపలు చేతబట్టి చెదపుట్టల వెంటను, చెలకల గట్ల వెంటను, అడవి అంచులను వెదకుచు బయలుదేరుదురు. పుట్టగొడుగుల కాలము వచ్చినదన్నమాట.

వేములవాడనుండి కోరుట్లకు పోవు మార్గముననున్న రుద్రంగి 2016 అక్టోబరులో జిల్లాల పునర్వ్యవస్థ జరిగినప్పుడు రాజన్న సిరిసిల్ల జిల్లాలో మండల కేంద్రమైనది. గుట్టలు, అడవి, తండాలు గల ఇట్టి ప్రాంతములలో పుట్టగొడుగు ఒక చిన్న వస్తువు కాదు. దానికి పెట్టుబడి లేదు, ఎరువు లేదు, నీరు పెట్టవలసిన పని లేదు. విత్తనము వేసి, పంటకై ఎదురుచూచు రోజులలో బీదవాని ఇంట మాంసమునకు మారుగా ఉడుకు కూర అదియే. తినగా మిగిలినది బాట ప్రక్కననో, సంతలోనో అమ్ముకొన్నచో చేతికి నాలుగు రూపాయలు వచ్చును.

కావున అడవి పుట్టగొడుగులను ఎవరును ముట్టరాదని మేము చెప్పబోవుట లేదు. అట్లు చెప్పినను వినువారుండరు. కాని అదే గంపలో పొరపాటున చేరిన ఒక్క విషపు గొడుగు ఒక ఇంటిల్లిపాదిని ఆసుపత్రి పాలు చేయగలదు, కొన్ని వేళల ప్రాణములనే తీయగలదు. ఈ విషయమున గ్రామ ప్రజలకు సరియైన మాట చెప్పగలవారు పంచాయతీ సభ్యులే. వారికి ఉపకరించునను తలంపుతో ఈ పాఠమును వ్రాయుచున్నాము. దీని సారాంశమును మొదటనే చెప్పెదము: గుర్తులన్నియు అనుమానాస్పదమైన పుట్టగొడుగును పారవేయుటకు పనికివచ్చును గాని, ఎరుగని పుట్టగొడుగును తినుటకు అనుమతి ఇయ్యజాలవు.

పుట్టగొడుగు అనగా నేమి?

పుట్టగొడుగు చెట్టు కాదు, మొక్క కాదు. అది శిలీంధ్ర జాతికి చెందినది. రొట్టెపై పట్టు బూజునకు చుట్టమే. దాని అసలు శరీరము నూలుపోగులవంటి సన్నని దారములై మట్టిలోనో, కుళ్లిన కట్టెలోనో, పేడలోనో దాగియుండును. చెట్టునకు పండెట్టిదో, ఆ దారములకు మనము చూచు గొడుగు అట్టిది. అది పైకి వచ్చునది సంతానమును వెదజల్లుటకే. విత్తనములకు మారుగా దానికి సిద్ధబీజములు కలవు. అవి కంటికి విడివిడిగా కనబడనంత సూక్ష్మమైన పొడి.

పుట్టగొడుగులో ఐదు భాగములను గుర్తింపవలెను. పైనున్నది టోపీ. టోపీ అడుగున పుస్తకపు పుటలవలె పలుచగా వరుసదీరియుండునవి రేకులు. వాటినుండియే సిద్ధబీజములు రాలును. టోపీని మోయునది కాడ. కొన్నింటికి కాడ నడుమ ఉంగరమువంటి పొర యుండును. కొన్నింటికి కాడ మొదట, మట్టిలో, చినిగిన గ్రుడ్డుపెంకువంటి తిత్తి యుండును. ఈ చివరి భాగమే అన్నింటికన్న ముఖ్యమైనది. మన అలవాటు చొప్పున కాడను పైకి త్రుంచి తెచ్చినచో ఈ తిత్తి నేలలోనే ఉండిపోవును. ఆపదను తెలుపు సాక్ష్యమును నేలలోనే పాతిపెట్టి వచ్చినట్లగును.

మనవారు ప్రీతితో తిను పుట్టగొడుగునకు ఆ పేరు సార్థకమైనది. చెదపురుగులు తమ పుట్ట లోపల ఒక జాతి శిలీంధ్రమును తోటవలె పెంచుకొనును. దానిని శాస్త్రజ్ఞులు టెర్మిటోమైసిస్ అందురు. వానలకు నేల తడిసినప్పుడు ఆ తోటనుండి కాడ బయలుదేరి, మట్టిని చీల్చుకొని పైకి వచ్చి, గొడుగు విప్పును. ఈ జాతిలో ఆఫ్రికా ఖండమున పెరుగునదొకటి సుమారు ఒక మీటరు వెడల్పు వరకు విప్పారును. మన పుట్టలపై వచ్చునవి చిన్నవే గాని జాతి ఒక్కటే.

తెలిసినవారును మోసపోవుదురు

“మా తాతల కాలమునుండి తినుచున్నాము, మాకు తెలియదా?” అని కొందరు ప్రశ్నింతురు. ఆ అనుభవమును మేము గౌరవింతుము. కాని దానికి హద్దు కలదని తెలుపు సంఘటనలు మన దేశముననే ఇటీవల జరిగినవి. అవి తెలంగాణమునకు దూరమున, ఈశాన్య రాష్ట్రములలో జరిగినవైనను మనకు పాఠములే. ఏలయన అచ్చటివారును మనవలెనే తొలివానలకు అడవికి పోయి పుట్టగొడుగులను ఏరుకొనువారే.

మేఘాలయ రాష్ట్రమున, బంగ్లాదేశ్ సరిహద్దునకు చేరువగా నున్న లామిన్ అను గ్రామమున 2021 ఏప్రిల్ నెలలో అడవి పుట్టగొడుగులను వండుకొని తిని ఆరుగురు మరణించిరి. వారిలో పిల్లలును కలరు. మరుసటి సంవత్సరము, 2022 ఏప్రిల్ లో, ఎగువ అస్సాం జిల్లాలలో పుట్టగొడుగులను తిని అస్వస్థులైన పలువురు దిబ్రూగఢ్ వైద్య కళాశాల ఆసుపత్రిలో చేరిరి. కొలది రోజులలోనే 13 మంది కన్ను మూసిరి. వారిలో అధికులు తేయాకు తోటలలో పనిచేయు కుటుంబములవారు. వీరెవ్వరును పుట్టగొడుగును మొదటిసారి చూచినవారు కారు. తమకు తెలిసినదేయని తలచి తెచ్చుకొన్నదానిలో తెలియనిది చేరినది. అనుభవము లేనివాడు భయపడి విడిచిపెట్టును. అనుభవమున్నవాడు ధైర్యముతో వండించును. ఆపద ఆ ధైర్యములోనే యున్నది.

మరియొక విషయము కలదు. ఒక ప్రదేశమున సంపాదించిన అనుభవము మరియొక ప్రదేశమున పనికిరాదు. ఆగ్నేయాసియా దేశములనుండి అమెరికాకు వలసపోయిన వారిలో కొందరు, తమ దేశమున తిను వరిగడ్డి పుట్టగొడుగును పోలియున్న దానిని అచ్చట ఏరుకొని తిని ప్రాణములు పోగొట్టుకొనిరి. పొట్టకూటికై దూర ప్రాంతములకు పోవు మన పల్లె ప్రజలును ఈ మాటను జ్ఞాపకముంచుకొనవలెను.

నమ్మరాని పరీక్షలు

గ్రామములలో ప్రచారమందున్న పరీక్షలు కొన్ని కలవు. అవి వినుటకు ఇంపుగానున్నవి. కాని వానిలో ఒక్కటియు విషమును పట్టియిచ్చునది కాదు.

“వెండి రూపాయిని గాని, వెండి ఉంగరమును గాని కూరలో వేసిన నల్లబడవలెను” అందురు. వెండిని నల్లబరచునది గంధకము. పుట్టగొడుగులోని ప్రాణాంతక విషమునకును ఆ నలుపునకును సంబంధము లేదు. మిక్కిలి విషముగల గొడుగుతో ఉడికినను వెండి తెల్లగనే ఉండవచ్చును.

“ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ వేసి ఉడికించిన రంగు మారును” అందురు. ఇదియు అట్టిదే. రంగు మారనంత మాత్రమున కూర మంచిదని చెప్పజాలము.

“పురుగులు, నత్తలు తినినది మనుష్యులకును మంచిదే” అందురు. నత్తకు హాని చేయని విషము మనుష్యుని కాలేయమును నాశనము చేయవచ్చును. పురుగుల కడుపు వేరు, మన కడుపు వేరు.

“పసుపు, చింతపండు, ఉప్పు వేసి బాగుగా ఉడికించిన విషము విరుగును” అందురు. ఇది అన్నింటికన్న అపాయకరమైన నమ్మకము. ప్రాణములు తీయు అమటాక్సిన్ అను విషము ఉడికించినను, వేయించినను, ఎండబెట్టినను చెడిపోదు. వంట చేయుటవలన కూర రుచి మారును గాని విషము మారదు.

“విషమైనది చేదుగా నుండును, రంగురంగులుగా నుండును” అందురు. ప్రపంచమున అత్యధిక మరణములకు కారణమైన పుట్టగొడుగు చూచుటకు సౌమ్యముగనే ఉండును. దానిని తిని బ్రతికినవారు రుచిగనే ఉన్నదని చెప్పియున్నారు. నాలుక మనకు కావలికాయ జాలదు.

“మొదట కొంచెము తిని చూచి, ఏమియు కానిచో మిగిలినది తినవలెను” అని మరికొందరి ఆలోచన. ఈ విషము వెంటనే బయటపడదు గనుక ఈ ఉపాయమును నిరర్థకమే.

చూడవలసిన గుర్తులు

ఇక నిజముగా పరిశీలింపవలసిన వానిని చెప్పెదము. ఇవి పారవేయుటకు ఉపయోగపడు గుర్తులని మరల జ్ఞాపకము చేయుచున్నాము.

మొదటిది కాడ మొదలు. ప్రతి జాతిలో కనీసము ఒకదానినైన చుట్టును మట్టి త్రవ్వి, సమూలముగా పైకి తీయవలెను. మొదట తిత్తి యున్నదా? కాడపై ఉంగరమున్నదా? రేకులు తెల్లగా నున్నవా? ఈ మూడును కలసియున్నది అమనైటా జాతిది కావచ్చును. ఈ జాతిలో వందలకొలది రకములు కలవు. అందు కొన్ని ప్రపంచమున ఘోరమైన విషములు. ‘డెత్ క్యాప్’ అని పాశ్చాత్యులు పిలుచు అమనైటా ఫాలోయిడిస్ వానిలో మొదటిది. మేఘాలయ మరణములకు ఈ గొడుగే కారణమని గుర్తించిరి. తిత్తియైనను, ఉంగరమైనను వానకు కొట్టుకొనిపోవచ్చును. కావున అవి కనబడలేదను కారణముచే మంచిదని తలపరాదు.

రెండవది రేకుల రంగు, సిద్ధబీజముల రంగు. దీనికి ఖర్చులేని పరీక్ష యొకటి కలదు. బాగుగా విప్పారిన టోపీని కాడనుండి వేరుచేసి, రేకులు క్రిందికి వచ్చునట్లు తెల్లకాగితముపై సగము, నల్లకాగితముపై సగము ఉండునట్లు పెట్టి, పైన గిన్నె బోర్లించి రాత్రియంతయు ఉంచవలెను. ఉదయమున తీసిచూచినచో సిద్ధబీజములు రాలి కాగితముపై రేకుల అచ్చు పడియుండును. పుట్టలపై వచ్చు టెర్మిటోమైసిస్ అచ్చు లేత గులాబి ఛాయగా నుండును. వరిగడ్డి పుట్టగొడుగుది గులాబి రంగు. అమనైటాది తెలుపు. పచ్చని అచ్చు పడినదా, అది విషపు గొడుగే. పాఠశాలలలో పిల్లలచే ఈ పరీక్షను చేయించిన మంచి విజ్ఞాన పాఠమగును. పరీక్ష ముగిసిన పిదప చేతులు కడిగికొనవలెను.

ఈ పచ్చని అచ్చుగల దానిని గూర్చి ప్రత్యేకముగా చెప్పవలెను. దాని శాస్త్రీయ నామము క్లోరోఫిల్లమ్ మోలిబ్డైటిస్. వానల పిదప పచ్చిక బయళ్లలోను, పశువులు మేయు చోట్లను, బడి మైదానములలోను ఇది పెద్ద తెల్లని గొడుగులై వచ్చును. టోపీపై గోధుమరంగు పొలుసులుండును. కాడపై ఉంగరముండును. లేతగానున్నప్పుడు రేకులు తెల్లగనే ఉండి, ముదిరిన పిదప పచ్చబారును. చూచుటకు నిండుగా, ఆకర్షణీయముగా నుండుటచే మోసపోవువారు మెండు. ఇది ప్రాణములు తీయుట అరుదు గాని, తినిన ఒకటి రెండు గంటలలో తీవ్రమైన వాంతులు, విరేచనములు కలిగించును. పిల్లలకు, వృద్ధులకు ఇది సామాన్యమైన ఆపద కాదు.

మూడవది పుట్టతోడి సంబంధము. నిజమైన చెదపుట్ట గొడుగునకు టోపీ నడుమ మొనదేలిన బొడిపె యుండును. కాడను త్రవ్వుచు పోయినచో అది వేరువలె సన్నబడి లోతుగా పుట్టలోని శిలీంధ్రపు తోట వరకు పోవును. తిత్తి యుండదు. అయితే ఈ జాతిలోనే గుంపులు గుంపులుగా వచ్చు చిట్టి గొడుగులకు ఇట్టి పొడవైన వేరు కనబడదు. పుట్ట ప్రక్కన మొలిచినదంతయు పుట్టగొడుగే అనుకొనుటయు పొరపాటే. పుట్టమట్టిపై ఇతర జాతులును మొలవవచ్చును. స్థలము సాక్ష్యము చెప్పదు, వేరు చెప్పును.

నాలుగవది వయస్సు. ఇంకను విప్పుకొనక గ్రుడ్డువలె నున్న మొగ్గలను అడవినుండి తెచ్చి తినరాదు. వరిగడ్డి పుట్టగొడుగు మొగ్గయు, అమనైటా మొగ్గయు చూచుటకు అక్కచెల్లెండ్రవలె నుండును. రెండింటికిని తిత్తి కలదు. విప్పుకొనిన పిదప వరిగడ్డి గొడుగు రేకులు గులాబి రంగునకు తిరుగును, కాడపై ఉంగరముండదు. మొగ్గ దశలో ఈ భేదము తెలియదు. అట్లే ముదిరి, నీరుకారి, వాసన పట్టినవి మంచి జాతివైనను తినరాదు.

ఐదవది చిన్నవాని విషయము. తోటలలో, గడ్డిలో మొలచు సన్నని చిన్న గొడుగులను నిర్లక్ష్యముగా చూతుము. లెపియోటా, గలెరినా అను చిన్న జాతులలో కొన్నింటియందును అమనైటాలోని అమటాక్సిన్ విషమే కలదు. పరిమాణము చిన్నదైనంత మాత్రమున అపాయము చిన్నది కాదు.

చివరగా, మన పల్లెలలో ‘కుక్కగొడుగు’ అని పెద్దలు త్రోసివేయు దానిని మనమును త్రోసివేయుటయే మంచిది. పెద్దల “వద్దు” అను మాటను తప్పక వినవలెను. “పరవాలేదు” అను మాటను మాత్రము పరీక్షించి చూడవలెను.

విషము చేయు మోసము

అమటాక్సిన్ ఎట్లు పనిచేయునో తెలియనిచో, చికిత్సకు అవకాశమున్న సమయమును మనము చేజేతుల పోగొట్టుకొందుము. ఒక కుటుంబమును ఊహించుకొందము. శనివారము రాత్రి 8 గంటలకు అందరును పుట్టగొడుగుల కూరతో భోజనము చేసి హాయిగా నిద్రించిరి. అర్ధరాత్రి వరకు ఏమియు లేదు. తెల్లవారుజామున ఒకరి వెంట నొకరికి కడుపునొప్పి, వాంతులు, నీళ్ల విరేచనములు ఆరంభమైనవి. భోజనము చేసి 8 గంటలకు పైగా గడచినది గనుక ఎవరికిని రాత్రి కూరపై అనుమానము కలుగలేదు. నీరు మారినదనియు, వానాకాలపు విరేచనములనియు తలచిరి.

ఆదివారమంతయు బాధపడిరి. సోమవారమునకు వాంతులు తగ్గినవి. రోగి లేచి కూర్చుండి గంజి త్రాగెను. ఇంటిల్లిపాదియు గండము గడిచినదని సంతోషించిరి. ఈ సంతోషమే విషము పన్నిన మోసము. బయట శాంతి కనబడుచుండగా లోపల కాలేయము దగ్ధమగుచున్నది. అమటాక్సిన్ జీవకణములలో మాంసకృత్తుల తయారీకి కావలసిన ఆజ్ఞలు వెలువడకుండ అడ్డుకొనును. ఆజ్ఞలు లేక కణములు చనిపోవును. మంగళ, బుధవారములకు కండ్లు పచ్చబడును, మాట తడబడును, స్పృహ తప్పును. అప్పుడు ఆసుపత్రికి పోయినచో వైద్యునికి మిగులు అవకాశము స్వల్పము.

ఇది కల్పిత కుటుంబమే గాని, ఆరు గంటలనుండి ఒక రోజు లోపల బాధలు ఆరంభమగుట, నడుమ తేరుకొనినట్లు కనబడుట, రెండు మూడు రోజులకు కాలేయము చెడుట అను ఈ క్రమము ఈ విషమునకు సహజమైనది. మధ్య పరిమాణముగల ఒక్క డెత్ క్యాప్ పెద్దమనిషి ప్రాణమును తీయుటకు చాలునని వైద్యులు చెప్పుదురు. పిల్లలకు అంతకంటె తక్కువయే చాలును.

కావున ఈ సూత్రమును గ్రామమున అందరిచే కంఠస్థము చేయింపవలెను: పుట్టగొడుగులు తినిన వెంటనే వచ్చిన వాంతులు చెడ్డవి, ఆరు గంటలు దాటి వచ్చినవి అంతకంటె చెడ్డవి. ఆలస్యము మంచి సూచన కాదు. అయితే ఒక జాగ్రత్త. గంపలో రెండు విధములైన విషపు గొడుగులు చేరియుండవచ్చును. అందుచే త్వరగా వాంతులైనవి గదాయని నిశ్చింతగా నుండరాదు.

ఇతర విషములును కలవు. మస్కరిన్ అను విషముగల గొడుగులు తినిన కొలది నిమిషములనుండి రెండు గంటల లోపల విపరీతమైన చెమట, చొల్లు, కన్నీరు కలిగించును, నాడి మందగించును. దీనికి ఆసుపత్రిలో విరుగుడు కలదు. మరికొన్ని గొడుగులు ముదిరి సిరావలె నల్లగా కరగిపోవును. ఆ జాతిలో కొన్నింటిని తిని, ఆ రోజుననే గాక తరువాత కొన్ని దినముల లోపల కల్లు గాని, సారాయి గాని త్రాగినచో ముఖము కందగడ్డవలె ఎర్రబడి, గుండె దడదడ కొట్టుకొని, వాంతులగును. ఒకే కూర తిన్నవారిలో కల్లు త్రాగిన వానికి మాత్రమే జబ్బు చేసినచో, తప్పు కల్లుది మాత్రమే యని నిర్ణయింపరాదు.

ఆపద వచ్చినప్పుడు

అనుమానము కలిగిన మరుక్షణమే 108 అంబులెన్సును పిలిచి రోగిని ఆసుపత్రికి చేర్పవలెను. కడుపులో బాధ లేకున్నను, ఆ కూర తిన్న ప్రతి ఒక్కరును పోవలెను. ఎవరు ఏ గంటకు తినిరో, బాధ ఏ గంటకు ఆరంభమైనదో కాగితముపై వ్రాసి పంపవలెను. ఆ రెండు గంటల నడుమ వ్యవధియే వైద్యునికి మొదటి ఆధారము.

మిగిలిన కూరను, ఏరగా మిగిలిన పచ్చి గొడుగులను, పారవేసిన కాడలను కాగితములో చుట్టి వెంట పంపవలెను. ప్లాస్టిక్ సంచిలో కట్టిన త్వరగా కుళ్లిపోవును. ఏమియు మిగులనిచో, ఏరినచోటికి ఎవరినైన పంపి అదే రకమును సమూలముగా త్రవ్వి తెప్పింపవలెను. ఫోనులో ఫోటోలు తీయుటయు ఉపకరించును. టోపీ పైభాగము, రేకులు, కాడ మొదలు మూడును కనబడవలెను.

ఉప్పునీరు త్రాగించి, గొంతులో వేలు పెట్టి వాంతి చేయింపరాదు. పసరులు, మజ్జిగ, నూనె పోయుచు గంటలు గడుపరాదు. మంత్రములు వేయించుచు తెల్లవారువరకు వేచియుండరాదు. స్పృహలోనున్న రోగికి ఓ.ఆర్.ఎస్. నీటిని కొంచెము కొంచెముగా పట్టవచ్చును. అమటాక్సిన్ కు నిశ్చితమైన విరుగుడు మందు లేదు. కాని త్వరగా చేరినవారికి బొగ్గుపొడి మందు, సిరలద్వారా ద్రవములు, కాలేయమును కాపాడు మందులు ఇచ్చి, రక్త పరీక్షలతో కనిపెట్టియుందురు. మిక్కిలి విషమించినచో కాలేయ మార్పిడియే శరణ్యము. వైద్యులకు విషముల విషయమున సలహా ఇచ్చుటకు న్యూఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థలో జాతీయ విష సమాచార కేంద్రము 1995 నుండి కలదు. వాంతులు తగ్గినవని రోగిని మధ్యలో ఇంటికి తీసికొనివచ్చుట మహాపరాధము. వైద్యుడు పొమ్మనువరకు ఆసుపత్రిలోనే ఉంచవలెను.

పంచాయతీ చేయదగిన పనులు

ఇందులో పెద్ద ఖర్చుతో కూడినది ఒక్కటియు లేదు. మృగశిరకు ముందే జరుగు గ్రామసభలో ఈ విషయమును ఒక అంశముగా చేర్చి, పది నిమిషములు మాటలాడవలెను. తొలివానల వారములో దండోరా వేయించి, “ఎరుగనిది ఏరవద్దు, ఏరినది త్రుంచక త్రవ్వి తెండి, అనుమానమున్నది పారవేయుడు” అను మూడు మాటలను చాటింపవలెను. తండాలలో వారి భాషలోనే చెప్పింపవలెను.

ఆశా కార్యకర్తలకు, అంగన్ వాడీ కార్యకర్తలకు ఒక ప్రశ్నను నేర్పవలెను. వానాకాలమున ఒకే ఇంట ఇద్దరు ముగ్గురికి ఒకేసారి వాంతులైనచో, “నిన్న గాని, మొన్న గాని పుట్టగొడుగులు తింటిరా?” అని అడుగవలెను. ఈ ఒక్క ప్రశ్న ఒక ప్రాణమును కాపాడవచ్చును.

బాట ప్రక్కన, సంతలో అమ్మువారిని బెదరించి తరుమరాదు. వారిలో పలువురు నిజముగా తెలిసిన స్త్రీలు. పలురకముల గొడుగులను ఒక్క కుప్పగా పోయక, ఒక్కొక్క రకమును వేరుగా, కాడ మొదలుతో సహా పెట్టి అమ్మునట్లు వారికి నచ్చజెప్పవలెను. వారే మన గ్రామమునకు ఉపాధ్యాయులు కాగలరు. కొనువారును కలగూరగంపవలె నున్న కుప్పను కొనరాదు. బడి మైదానమునందును, అంగన్ వాడీ కేంద్రము చుట్టును మొలచిన గొడుగులను తీసివేయించుట పారిశుధ్య పనిలో భాగము కావలెను. చిన్నపిల్లలు చేతికందినది నోటిలో పెట్టుకొందురు గదా.

ఇంట పెంచిన పుట్టగొడుగు

అపాయము లేని త్రోవ యొకటి కలదు. వరిగడ్డిని చిన్న ముక్కలుగా కోసి, వేడినీటిలో శుద్ధిచేసి, సంచులలో నింపి, విత్తనము కలిపి నీడ గదిలో ఉంచినచో ముత్యపు చిప్ప పుట్టగొడుగులు సుమారు మూడు నాలుగు వారములలో కోతకు వచ్చును. వరి పండు మన పల్లెలలో గడ్డికి కొరత లేదు. హిమాచల్ ప్రదేశ్ లోని సోలన్ నగరమున 1983లో నెలకొల్పిన జాతీయ పుట్టగొడుగుల పరిశోధన కేంద్రము తరువాత డైరెక్టరేటుగా మారి, నేటికిని ఈ పెంపకమును గూర్చి పరిశోధించుచున్నది. మహిళా సంఘములు ఈ పనికి పూనుకొన్నచో కూరయు దొరకును, ఆదాయమును దొరకును. పుట్టమీది గొడుగు రుచి దీనికి రాదని కొందరనవచ్చును. చెదపురుగు పెంచు ఆ జాతిని మనుష్యుడు పంటగా పండింపజాలకున్నాడు. కాని ఈ కూరను పిల్లలకు పెట్టునప్పుడు తల్లికి భయముండదు.

పంచాయతీ సభ్యులారా! వానాకాలపు ఉదయమున గంప పట్టుకొని గుట్టకు పోవు స్త్రీ చేతినుండి ఆ గంపను లాగివేయుట మన పని కాదు. ఆమె చేతికి ఒక చిన్న కొయ్య పారను, మనస్సునకు ఒక చిన్న అనుమానమును అందించుటయే మన పని. ఆ పారతో ఆమె కాడ మొదలు త్రవ్వి చూచును. ఆ అనుమానముతో సందేహమున్న దానిని అచ్చటనే విడిచివచ్చును. గుట్టమీద విడిచిపెట్టిన మంచి గొడుగు వలన కలుగు నష్టము ఒక పూట కూర మాత్రమే. తెలియక ఇంటికి తెచ్చిన చెడ్డ గొడుగు వలన కలుగు నష్టమును ఎవరును పూడ్చజాలరు. వచ్చు తొలకరికి ముందే ఈ మాట మీ గ్రామమున ప్రతి వాకిటికిని చేరునట్లు చేయగలరని ఆశించుచున్నాము.